స్పేస్‌ల ఉద్ధారకులు

లినక్స్ కెర్నెల్‌లో మూడు కోట్లకు పైగా లైన్లున్నాయి. వాటిలో ఎక్కడో ఒకచోట, ట్యాబ్ ఉండాల్సిన జాగాలో ఎనిమిది స్పేస్‌లున్నాయి. ఆ ఘోరం తలుచుకుంటే కొందరు మహానుభావులకు నిద్ర పట్టదు. ఆ కోడ్ ఏం చేస్తుందో వాళ్లకు తెలియనక్కర్లేదు. చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టు తప్పులు ఏరి పెడుతుంది, వీళ్లు దిద్ది ప్యాచ్‌గా పంపుతారు. పైన ఒక అభయం: ‘పనితీరులో ఏ మార్పూ లేదు.’ మరి ఎందుకు పంపారయ్యా అని అడగడం మర్యాద కాదు.

ఆ స్క్రిప్టును మార్గదర్శిగా చూడండి, మీ బుర్రకు బదులుగా వాడకండి అని కెర్నెల్ డాక్యుమెంటేషనే చెబుతోంది. అది చదవమని ఏ స్క్రిప్టూ హెచ్చరించదు కదా! లైను 80 అక్షరాలు దాటకూడదన్న కాలంలో పొడుగు లైన్లను విరిచి కొందరు పుణ్యం కట్టుకున్నారు. 2020లో చెక్‌ప్యాచ్ ఆ హద్దును 100కి జరిపింది. ఇంకేం, విరిగినవి అతికించి మరికొందరు తరించారు. కోడ్ ఉన్నచోటే ఉంది. రెజ్యూమెల్లో మాత్రం ‘కెర్నెల్ కంట్రిబ్యూటర్’ అని రెండుసార్లు పండింది.

కొత్తవాళ్లు ప్యాచ్ పంపడం నేర్చుకోవడానికి స్టేజింగ్ డ్రైవర్లు ఉండనే ఉన్నాయి. అక్కడ ఓనమాలు దిద్దేవాళ్లను నేనేమీ అనను. ఏళ్ల తరబడి ఓనమాల దగ్గరే ఉండి, ఆ పలక తెచ్చి మెమరీ మేనేజ్‌మెంట్ వాళ్ల ముందు పెట్టేవాళ్లతోనే నా పేచీ.

పంపడం ఐదు నిమిషాల పని. చూసేవాడి పాట్లు వేరు. ఒక డ్రైవర్‌లో హార్డ్‌వేర్ రిజిస్టర్‌ని చదివి వేరియబుల్‌లో పెట్టారు, ఆ తర్వాత దాన్నెక్కడా వాడలేదు. కంపైలర్ సణిగింది, మనవాడు లైనుకు లైనే ఎత్తేశాడు. కొన్ని పరికరాల్లో ఆ రిజిస్టర్‌ని చదివితేనే ఇంటరప్ట్ చల్లారుతుంది. ఆ సంగతి హార్డ్‌వేర్ మాన్యువల్ తిరగేసిన రివ్యూయర్‌కి తెలియాలి. తెలియకపోతే చెత్తతో పాటు పరికరమూ పోతుంది.

కెర్నెల్ కాకపోయినా డెబియన్ కథ ఈ కోవదే. 2006లో ఒక టూల్ గొణిగిందని ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో రెండు లైన్లను పక్కన పెట్టారు. తాళంచెవులు తయారుచేసేటప్పుడు ఊహకందకుండా కలిసే సరుకంతా వాటితోనే పోయింది, ప్రాసెస్ నంబరొక్కటే మిగిలింది. ఒక్కో రకం చెవికి దాదాపు 32 వేల అవకాశాలే! ఇది బయటపడింది 2008లో. రెండేళ్లూ కోడ్ మాత్రం ఏ హెచ్చరికా లేకుండా తళతళలాడింది.

ఇక పాత లైనులో బగ్ తేలి, రాసిందెవరని గిట్ బ్లేమ్‌ను అడిగితే ఉద్ధారకుడి పేరొస్తుంది. స్పేస్‌లు లెక్కపెట్టకు అని దానికి చెప్పొచ్చు గానీ, లైను విరిచినచోట ఆ ఉపాయమూ పారదు. సరే, ఆయన్నే అడుగుదామని కబురంపితే జవాబు వెంటనే వస్తుంది: ‘నాకేం తెలుసండీ, నేను లైను విరిచానంతే!’