పాలు థిక్‌గా లేవేం? (టీకా తాత్పర్య విశేషాలతో)

మూలం: ఏం నాయనా, ఇవాళ పాలు థిక్‌గా లేవేం?

అవతారిక: పొద్దున్న ఆరున్నర. గుమ్మంలో గిన్నె పట్టుకు నిలబడ్డ మా అమ్మ, క్యాను మూత తీస్తున్న పాలబ్బాయితో పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థం: ఏం నాయనా = కోపమునకు ముందు వచ్చు సంబోధనము; ఇవాళ = ఈ దినమున (నిన్నయు ఇంతియే; కాని నిన్నటి మాట ఎత్తినచో పాత బాకీలు పైకి వచ్చును); పాలు = తెల్లని ద్రవము, అంతకుమించి రూఢిగా చెప్పరాదు; థిక్‌గా = చిక్కగా; లేవేం = ఏల లేవు? జవాబు తెలిసి అడుగు ప్రశ్న.

తాత్పర్యం: నీళ్లు కలిపావు. నాకు తెలుసు. రేపు కలపకు.

విశేషాలు: థిక్ అన్నది ఇంగ్లీషు విశేషణం. 'గా' చేర్చగానే మనింటి పిల్లయింది. ఇంగ్లీషువాడికి గోడ థిక్, పుస్తకం థిక్, జుట్టు థిక్, పొగమంచు థిక్, సూపూ థిక్కే. బుర్ర పనిచెయ్యనివాణ్ణి కూడా థిక్ అనే అంటాడు. మనకలా గడవదు. గోడ మందం, పుస్తకం లావు, జుట్టు ఒత్తు, అడవి దట్టం, పెరుగు గట్టి, పాలు చిక్కన. పాకం దగ్గరికొస్తే మరీ పట్టింపు: లేతపాకం, తీగపాకం, ముదురుపాకం. ఒక్క నిమిషం ఏమరితే అరిసె కాస్తా అప్పచ్చి కాక రాయవుతుంది. అక్కడ మా అమ్మ నోట థిక్ అన్న మాట ఏనాడూ వినలేదు. మరి పాల దగ్గరే ఎందుకొచ్చింది?

ఇంగ్లీషు మోజని పూర్వపక్షం. నిలవదు. 'పాలు పలచగా ఉన్నాయి' అంటే దొంగవని మొహమ్మీద అన్నట్టే. 'చిక్కగా లేవు' అన్నా కాస్త తగులుతుంది. పైగా తెలుగులో పలచన అయ్యేది పాలొక్కటే కాదు, నలుగురిలో మనిషి కూడా. థిక్ అంటే ఆ గొడవ లేదు; తప్పు పాలమీదే ఆగిపోతుంది. రేపూ పాలు పోయించుకోవాలి కదా!

లాక్టోమీటరు ముంచి తేల్చుకోవచ్చు కదా అంటారేమో. అది కొలిచేది సాంద్రతను, చిక్కదనాన్ని కాదు. వెన్న నీటికన్నా తేలిక కనక మీగడ తీసేస్తే పాల సాంద్రత పెరుగుతుంది. ఆపైన నీళ్లు పోస్తే మళ్లీ మామూలు అంకెకి దిగుతుంది. రెండు దొంగతనాలు కలిస్తే ఒక నిజాయితీ! ప్యాకెట్ పాలకైతే ఫుల్ క్రీమ్ అంటే 6 శాతం వెన్న, టోన్డ్ అంటే 3 అని లెక్క ఉంది. మా అమ్మకు ఆ లెక్కలు పట్టవు. బొటనవేలి గోటిమీద ఒక చుక్క వేసి వంచుతుంది. తెల్లటి జాడ వదలకుండా జారిపోయిందా, తీర్పు అయిపోయినట్టే.

ఉత్తరవాక్యం: 'పచ్చగడ్డి మేస్తందమ్మా గేదె.'

ఇది హేతువే, కాదనలేం. పీచు తక్కువున్న లేతగడ్డి మేస్తే పాలలో వెన్న తగ్గుతుంది. కాకపోతే వాక్యం పుట్టింది నడి వేసవిలో, మా ఊళ్లో గట్లమీద గడ్డి ఎండి గోధుమరంగు తిరిగాక.

అమ్మ వాదించలేదు. గిన్నె ఇంకాస్త ముందుకు జరిపింది. అతను అర్థం చేసుకుని కొసరు పోశాడు, అదే క్యానులోంచి.