తోకకు కట్టిన దారం

ఘట్‌కేసర్ దాటి మూసీ వైపు దిగే దారిలో ఒక మేకల కొట్టం. దాని వాసానికి వేలాడే గుడ్డసంచిలో పర్మాంగనేటు పొట్లం, స్పిరిట్ సీసా, మందు తాగించే సిరంజి, వాటి నడుమ జానెడైనా లేని ఒక గాజు థర్మామీటరు. తన కథ చెప్పమంటే అది దారంతో మొదలుపెడుతుంది. తన చివర చిన్న కన్నం, అందులో దారం, దారం కొసన బట్టల క్లిప్పు. ఆ క్లిప్పును మేక తోక వెంట్రుకలకు పెడితేనే తన ప్రాణం నిలుస్తుంది. లేకపోతే జారిపడి పగలడం ఖాయం. పగిలితే లోపలి పాదరసం మనిషికీ మేకకీ విషమే.

తనకు ముందు ఈ సంచిలో ఉన్నది అలాగే పోయిందట.

జ్వరం వచ్చిన మేక మందతో పాటు నడుస్తూనే ఉంటుంది. చెవులు వాలి, వెంట్రుకలు నిక్కి, నెమరు ఆగి, ఓ మూలన నిలబడేసరికి రోగం సగం దూరం వెళ్లిపోయి ఉంటుంది. కంటికి అందని ఆ తొలి పూటను పట్టుకోవడానికే తాను ఉన్నానని థర్మామీటరు నమ్మింది.

అయితే తనను చదవడం తెలియాలి. ఈ మేకలను సాకే పెద్దామెకు పట్నంలో చదువుకునే మనవడున్నాడు. అతను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు 102.4 చూసి హడలిపోయాడు. “నాయనమ్మా, దీనికి జరం ఉన్నది!” అని కేకేశాడు. మనిషికి 98.6 అయితే, ఆరోగ్యంగా ఉన్న మేకకు 101.5 నుంచి 103.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే. ఎండలో తిరిగి వచ్చిన మేకకు ఇంకొంచెం ఎక్కువే చూపిస్తుంది. అందుకే నీడన కాసేపు నిలబెట్టాక చూడాలి. పాదరసాన్ని కిందికి విదిలించి, మొనకు నూనె రాసి, మలద్వారంలో రెండంగుళాల మేర ఓరగా, పేగు గోడకు తగిలేలా పెట్టి రెండు నిమిషాలు ఆగాలి. పెంటికల మధ్యలో గుచ్చుకుంటే తాను చెప్పే లెక్క తప్పుతుంది. ఇదంతా పశువుల డాక్టరు మనవడి చేత చేయించి నేర్పాడు.

ఆ కొట్టం మరిచిపోలేని ఏడాది ఒకటుంది. అంగడి నుంచి తెచ్చిన ఒక మేకను ఆ సాయంత్రమే మందలో కలిపేశారు. నాలుగో రోజు దాని ముక్కు కారింది. పెద్దామె పడిశం అనుకుంది. థర్మామీటరులో పాదరసం 105.8 దగ్గర ఆగింది. మర్నాడు ఇంకో రెండు మేకలకు 105 దాటింది. ఆపైన చీమిడి చిక్కబడి ముక్కుపుటాలు మూసుకుపోయాయి, కళ్లు పుసులు కట్టాయి. చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు తెల్లటి పొర లేచింది. తర్వాత నీళ్ల విరేచనాలు, దగ్గు. అది పారుడు రోగం. డాక్టర్లు పి.పి.ఆర్. అంటారు.

ఈ రోగాన్ని 1942లో ఆఫ్రికాలోని ఐవరీ కోస్టులో మొదట గుర్తించారు. మన దేశంలో తొలిసారి 1987లో తమిళనాడులోని అరసూరులో బయటపడింది. ఒకప్పుడు ఊళ్లకు ఊళ్ల పశువులను తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్‌కు ఇది దగ్గరి చుట్టం. ఆ రిండర్‌పెస్ట్‌ను ప్రపంచం 2011 నాటికి పూర్తిగా నిర్మూలించింది. పారుడు రోగాన్ని 2030కల్లా అంతం చేయాలన్నది ఇప్పటి లక్ష్యం.

వైరస్‌ను చంపే మందు లేదు. డాక్టరు ఇచ్చిన యాంటీబయాటిక్ ఊపిరితిత్తుల్లో చేరే ఇతర సూక్ష్మజీవులను ఆపడానికే. మిగిలిందంతా సేవ. పల్చటి పర్మాంగనేటు నీళ్లతో నోరు కడగడం, బోరోగ్లిజరిన్ రాయడం, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు, జావ కొంచెం కొంచెంగా తాగించడం. పెద్దామె రాత్రిళ్లు కొట్టంలోనే కూర్చుంది. ఆ రోజుల్లో థర్మామీటరుకు ఒకటే భయం: రోగాన్ని ఒక మేక నుంచి ఇంకో మేకకు తానే మోస్తున్నానేమోనని. అందుకే ముందు బాగున్నవాటికి, తర్వాత జబ్బువాటికి చూసేవారు. ప్రతిసారీ స్పిరిట్‌తో తుడిచేవారు. అయినా నాలుగు మేకలు పోయాయి.

వాటన్నిటినీ కాపాడగలిగిన టీకా ఉంది. మూడు నెలల వయసు దాటిన పిల్లకు చర్మం కింద ఒక మిల్లీలీటరు వేస్తే కనీసం మూడేళ్ల రక్షణ. అయితే టీకా మందును చల్లగా ఉంచాలి, కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి.

పాదరసం పైకి ఎక్కితేనే ప్రమాదమని అంతవరకూ థర్మామీటరు అనుకుంది. ఒక పెళ్లిళ్ల సీజన్‌లో ఆ నమ్మకం చెదిరింది. ఫంక్షన్ హాలు వెనక పారబోసిన అన్నం కుప్పను ఒక మేకపోతు కడుపారా మేసింది. తెల్లారేసరికి పళ్లు కొరుకుతూ పడుకుంది, పొట్టలో నీళ్లు గలగలమంటున్నాయి. పాదరసం 99 దాటలేదు. పిండిపదార్థం ఎక్కువై పొట్టలో ఆమ్లం పెరిగితే ఒళ్లు ఇలా చల్లబడుతుంది. జ్వరం కన్నా ఇది గడ్డు సంకేతం. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల బండి వచ్చింది. తినే సోడా నీళ్లు పట్టించారు, సెలైన్ ఎక్కించారు. మేకపోతు బతికింది. అలాంటి అతితిండి వల్ల, తొలకరి లేతపచ్చిక వల్ల చిటుక రోగం కూడా వస్తుందని, దానికి వానలకు ముందే టీకా వేయించాలని డాక్టరు చెప్పి వెళ్లాడు.

ఇంకో వానాకాలం థర్మామీటరును మరింత బాధపెట్టింది. చెరువు వెంట మేసిన ఒక చూలు మేక చిక్కిపోతోంది. పారుడు లేదు. తాను చూపింది 102.6.

“జరం లేదు కద బిడ్డా, మరి గిట్లెందుకైతున్నది?” అంది పెద్దామె.

డాక్టరు థర్మామీటరును పక్కన పెట్టి మేక కింది కనురెప్పను వేలితో దించాడు. ఎర్రగా ఉండాల్సిన లోపలి పొర సున్నంలా తెల్లగా ఉంది. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. కడుపులో రక్తం తాగే నట్టలు. ఒక్కో నట్ట రోజుకు 0.05 మిల్లీలీటర్ల రక్తం పీలుస్తుంది. వేలల్లో చేరితే మేక నిలబడలేదు. కనురెప్ప రంగును అయిదు మెట్లుగా చూపే కార్డును దక్షిణాఫ్రికాలో తయారుచేశారు. దానితో పోల్చి చూసి, పాలిపోయిన వాటికే మందు పోస్తే, మందుకు లొంగని నట్టలు పుట్టడం తగ్గుతుంది. మేక ఒళ్లు కొన్ని మందులను గొర్రె కన్నా త్వరగా బయటికి పంపేస్తుంది. కాబట్టి గొర్రె మోతాదు అన్నిసార్లూ చాలదు, బరువు చూసి డాక్టరు చెప్పినంత పోయాలి. చూలు కట్టిన తొలినాళ్లలో ఆల్బెండజోల్ పోయకూడదు.

అప్పటినుంచి పెద్దామె చేయి ముందు కనురెప్పను, తర్వాత దవడను, ఆపైన తోక కింద పెంటికలను చూసి, చివరికి సంచిలోకి వస్తుంది. తన వంతు చివరన వచ్చినందుకు థర్మామీటరుకు నొప్పి లేదు.

ఈ మధ్య అంగడి నుంచి మళ్లీ ఒక మేకను తెచ్చారు. ఈసారి దాన్ని కొట్టంలోకి రానివ్వలేదు, వేపచెట్టు కింద విడిగా కట్టేశారు. నీళ్ల తొట్టి వేరు, మేత వేరు. రోజూ పొద్దున మనవడు దారం క్లిప్పును తోకకు పెట్టి, రెండు నిమిషాలాగి, గోడ మీద బొగ్గుతో అంకె రాశాడు. 102.4. 102.8. 102.2. ఇరవై ఒకటో అంకె 102.6. పెద్దామె గోడను పైనుంచి కిందికి ఒకసారి చూసి, కనురెప్ప దించి చూసి, మెడలో తాడు విప్పింది.