అజ్ఞాతవాసం వదిలిన గరిటె

మగవాడి వంట గొప్పతనం చెప్పాల్సి వస్తే మనవాళ్లు వెంటనే ఇద్దరు సాక్షుల్ని పిలుస్తారు: నలుడు, భీముడు. కాస్త గట్టిగా అడిగితే ఇద్దరి సాక్ష్యమూ వీగిపోతుంది. నలుడు గరిటె తిప్పింది రాజ్యం పోయి, రూపం మారి, బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి కొలువులో తలదాచుకున్నప్పుడు. భీముడు తిప్పింది వలలుడన్న మారుపేరుతో విరాటుడి వంటశాలలో. గడువు తీరగానే ఒకాయన సింహాసనం ఎక్కాడు, ఇంకొకాయన గద అందుకున్నాడు. పైగా బాహుకుడు ఒక్క చూపు చూస్తే ఖాళీ కుండలు నీళ్లతో నిండేవట, గడ్డి పట్టుకుంటే మంట లేచేదట. కొళాయి బాధ, గ్యాసు బండ బాధ లేకపోతే వండటానికేం, ఎవరైనా వండుతారు. మొత్తానికి తేలిందేమిటంటే, మగవాడు పొయ్యి దగ్గర నిలబడటానికి మనం మనస్ఫూర్తిగా ఒప్పుకున్న సందర్భం అజ్ఞాతవాసం ఒక్కటే. బ్రహ్మచారుల గదులూ, అమెరికా అపార్టుమెంట్లూ దానికి కొత్త చిరునామాలు. పెళ్లి కుదిరిన రోజుతో గడువు తీరిపోతుంది. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వేలో, రోజు మొత్తంలో వంట పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్లు నూటికి ఆరుగురే తేలారు. ఆడవాళ్లు 75 మంది.

ఇద్దరు కుర్రాళ్లు ప్రేమించుకుని, ఒకే ఇంట్లో ఉంటూ, వంట దారి పట్టే నవలలు నాకు ఆసక్తిగా కనిపించేది ఇందుకే. మామూలు ప్రేమ నవలలో మూడుముళ్లు పడగానే పొయ్యి ఎవరిదో రచయిత చెప్పకుండానే తేలిపోతుంది. హీరో ఆఫీసు నుంచి వచ్చేసరికి కాఫీ సిద్ధంగా ఉంటుంది. అది ఎలా తయారైందని ఏ పాఠకుడూ అడగడు. ఇద్దరూ మగవాళ్లే అయితే ఆ సదుపాయం పోతుంది. ఎవరో ఒకరు లేచి బియ్యం కడగాలి, ఎవరన్నది మాట్లాడుకుని తేల్చుకోవాలి. బ్రయాన్ వాషింగ్టన్ 2020లో రాసిన ‘మెమోరియల్’ చూడండి. హ్యూస్టన్‌లో బెన్సన్, మైక్ కలిసి ఉంటారు. బెన్సన్ నల్లజాతి కుర్రాడు, డేకేర్‌లో పిల్లల్ని చూసుకుంటాడు. మైక్ జపనీస్ అమెరికన్, మెక్సికన్ రెస్టారెంటులో వంటవాడు. మైక్ వండుతాడు, బెన్ తింటాడు, అక్కడికి ఏ గొడవా లేదు. ఇంతలో మైక్ తల్లి మిట్సుకో జపాన్ నుంచి దిగుతుంది. ఆవిడ పెట్టె విప్పీ విప్పకముందే కొడుకు చావుబతుకుల్లో ఉన్న తండ్రిని చూడాలంటూ ఒసాకా విమానం ఎక్కేస్తాడు. ఇరుకింట్లో మిగిలింది అత్తగారూ, ఆవిడ కొడుకు ప్రియుడూ. మీరిద్దరూ ఎన్నాళ్ల నుంచి ఇలా అని ఆవిడ మొహం మీదే అడిగేస్తుంది. బెన్‌కి వంట రాదు, ఆవిడకి వండకుండా తోచదు. బెన్‌కి వంట నేర్పింది ప్రేమించినవాడు కాదు, ఆ ప్రేమించినవాణ్ణి కన్న తల్లి. అంటే ఇది మనకు తరతరాలుగా తెలిసిన కథే, కొత్త కోడలి వంటింటి ప్రవేశం. కోడలి చోట అబ్బాయి నిలబడ్డాడు, అంతే. ఈ నవల చదవడానికి తెలుగువాళ్లకున్న అర్హత న్యూయార్క్ విమర్శకులకి ఎక్కడిది?

ప్రేమకథలో వంట ఉత్త అలంకారమనీ, పుస్తకం అమ్ముడుపోవడానికి చల్లిన కొత్తిమీర అనీ కొందరంటారు. ఆ మాట దమయంతితో అనమనండి. మొగుడు ఎదురుగా ఉన్నా రూపం మారిపోతే, ఆవిడ బాహుకుడు వండిన మాంసం ముక్క తెప్పించుకుని, నోట్లో వేసుకుని, ఈ వంట నలుడిదేనని పోల్చుకుంది. మరో అభ్యంతరం ఇంకాస్త గట్టిది: మగవాణ్ణి ప్రేమించే మగవాడికి గరిటె అప్పగించడం పాత వెటకారమే కదా, ఆడంగి పనులని? ఫుమి యోషినాగా 2007 నుంచి గీస్తున్న జపాన్ బొమ్మల కథ ‘నిన్న ఏం తిన్నావ్?’ దీనికి జవాబు. అందులో వండే షిరో లాయరు. వేళకు ఆఫీసు వదిలి, ధర తక్కువున్న కొట్టు వెతుక్కుని, ఇద్దరి తిండికీ మొదట్లో నెలకు 25,000 యెన్‌లు దాటకుండా లెక్క కడతాడు. తినేది కెంజి, జుట్టు కత్తిరించే వృత్తి. షిరోలో కనిపించేది ఆడతనం కాదు, పిసినారితనం. ఆ విద్యకి ఆడా మగా తేడా లేదు. ఇక ‘మెమోరియల్’లో బెన్ వంట మెరుగుపడుతుంది గాని, ఆ ఇద్దరూ కలిసుంటారో లేదో రచయిత చివరిదాకా తేల్చడు. కూర కుదిరినంత మాత్రాన కాపురం కుదరదని అతనికి తెలుసు.

ఇదంతా జపాన్ తల్లులకు చెల్లుతుంది, మన అమ్మలు గుమ్మం కూడా తొక్కరని అనేవాళ్లుంటారు. కొట్టిపారేసే మాట కాదు. 2018లో సుప్రీంకోర్టు ఇలాంటి ప్రేమను నేరాల జాబితాలోంచి తీసేసింది. 2023లో పెళ్లి దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసింది. కోర్టే తేల్చనిది అమ్మ ఒక్క పూటలో తేల్చుకోవాలంటే ఎలా? అయినా మిట్సుకో చోట విజిటర్ వీసా మీద హ్యూస్టన్ వచ్చిన గుంటూరు తల్లిని ఊహించండి. మొదటి రెండు రోజులూ ఏడుస్తుంది. చుట్టాలు ఫోన్ చేస్తే ఆ కుర్రాణ్ణి రూమ్మేట్ అంటుంది. మూడోరోజు అతను చారు పెడతాడు, పోపులో ఇంగువ మరిచిపోతాడు. కొడుకు ఎవర్ని ప్రేమించాడన్న విషయం మీద ఆవిడకి మాటలు దొరకవు గాని, ఇంగువ మీద బోలెడు దొరుకుతాయి. “ఇటివ్వు నాయనా” అని గరిటె లాక్కుంటుంది. నాలుగోరోజు పొద్దున మళ్లీ అతని చేతికే ఇచ్చి, పక్కన నిలబడి, నూనె ఎంత కాగాలో చెబుతుంది.