ఆరు మైకులు, ఒక నుయ్యి

కోఠిలో ఆ కొట్టు కుర్రాడు డబ్బా విప్పీ విప్పకముందే రెండు గుళికలు నా చెవుల్లో దూర్చి ఓ పాట పెట్టేశాడు. "ఎట్లుంది సార్ బేస్?" తలకాయలో ఎవరో ఇత్తడి బిందెలు దొర్లిస్తున్నట్టుంది. బాగానే ఉందన్నాను. "కాదు బాబూ, నాక్కావలసింది ఫోన్లో మాట్లాడుకోడానికి" అంటే, డబ్బా మీద వేలు పెట్టి చూపించాడు. 6 మైకులు, ఈఎన్‌సీ, 60 గంటలు. "ఆరు మైకులు సార్, ఇంకేం గావాలె?"

నిజమే. ఒక్క నోటి ముందు ఆరు మైకులంటే ప్రెస్ మీట్ పెట్టిన మంత్రిగారికి తప్ప దక్కని భోగం. కొనేశాను.

ఇంటికొచ్చి తెనాలిలో మా పిన్నికి ఫోన్ చేశాను. హలో అన్నానో లేదో, "ఒరేయ్, నూతిలో పడ్డావుట్రా? మీ ఆవిడ ఇంట్లో లేదూ?" అంది కంగారుగా. లేదు పిన్నీ, కొత్త హెడ్‌సెట్, ఆరు మైకులున్నాయి అన్నాను. "ఆరా! మా రామాలయంలో నవమికి ఒక్క మైకు కడితే మూడు వీధులకు నిద్ర ఉండదు కదరా!"

ఈ వ్యాపారంలో ఉన్న సొగసంతా ఇక్కడే ఉంది. చెప్పు కరిస్తే తొడుక్కున్నవాడి కాలికి తెలుస్తుంది. హెడ్‌సెట్ మైకు మాత్రం కొన్నవాణ్ణి వదిలేసి ఎదుటివాణ్ణి కరుస్తుంది. డబ్బులిచ్చేది మనం, అనుభవించేది పిన్ని. కనక కొట్లో వినిపించేది ఎప్పుడూ పాటే. వస్తువు మంచిచెడ్డలు చెప్పే యూట్యూబ్ పండితులు కూడా పది నిమిషాలు పాటల గురించి పరవశించి, ఆఖర్న "కాల్స్ కూడా పర్లేదు" అని ఒక్క ముక్క పారేసి వెళ్ళిపోతారు. పర్లేదని ఎవరన్నారు నాయనా? అవతలివాణ్ణి అడిగావా?

ఇక ఆ అక్షరాల గారడీ. ఏఎన్‌సీ అంటే బయటి రొద మన చెవిలో పడకుండా చేసేది. ఈఎన్‌సీ అంటే మన చుట్టూ ఉన్న రొద అవతలివాడికి చేరకుండా చూడాల్సింది. మొదటిది మన సుఖం, రెండోది పరోపకారం. కొట్లో రెండింటినీ ఒకే గంపలో పోసి అమ్ముతారు. ఫలితం మా ఆఫీసు మిత్రుడు. ఏఎన్‌సీ పెట్టుకుని మెట్రోలో హిమాలయాల్లో మునిలా కూర్చుని మీటింగులో మాట్లాడతాడు. తర్వాత వచ్చే స్టేషనేదో, తలుపులు ఏ వైపు తెరుచుకుంటాయో మూడు భాషల్లో మేం పది మందిమీ వింటాం. ఆయన మాత్రం వినడు, దిగడం మర్చిపోతాడు.

అసలు లెక్క చాలా మొరటుది. మైకు నోటికి ఎంత దగ్గరుంటే మాట అంత తేటగా వెళుతుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గుళిక ఉండేది చెవిలో, నోరుండేది జానెడు దూరంలో. ఆ జానెడు దాటే లోపల ఫ్యానూ, కుక్కరూ, వీధిలో పాత ఇనుం కొంటామనేవాడూ అందరూ దూరతారు. అందుకే విమానం నడిపేవాళ్ళూ, రాత్రంతా అమెరికాతో మాట్లాడే కాల్ సెంటర్ పిల్లలూ పెదవి పక్కకి వంగిన పుల్ల లాంటి మైకు పెట్టుకుంటారు. పుల్ల మైకున్న వైర్‌లెస్ సెట్లూ దొరుకుతాయి. అడిగాను. కొట్టు కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "అవి స్టైల్ ఉండవు సార్" అన్నాడు.

ఇంకో రహస్యం కూడా డబ్బా మీద ఉండదు. పాట వింటున్నప్పుడు బ్లూటూత్ సాధారణంగా సెకనుకు 44,100 నమూనాలతో రాజమార్గంలో వస్తుంది. మైకు తెరిచి మాట మొదలెట్టగానే చాలా సెట్లు సందులోకి దిగిపోతాయి. 8,000, మహా అయితే 16,000. స్టీరియో పోయి ఒంటి గొంతు మిగులుతుంది. ఇంతకన్నా మెరుగైన పద్ధతులు కొత్తగా వస్తున్నాయి కానీ, అటు ఫోనుకూ ఇటు సెట్టుకూ రెండింటికీ అవి తెలిసుండాలి. జాతకాలు కలవాలన్నమాట. ఈ బ్లూటూత్ అన్న పేరు పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్‌ది. డెన్మార్క్‌నూ నార్వేనూ కలిపాడని 1997లో ఇంటెల్ ఇంజనీరు జిమ్ కార్డాక్ ఆ పేరు సూచించాడు. రెండు దేశాలు కలిపిన మహానుభావుడి పేరు పెట్టుకుని, నా నోటినీ మా పిన్ని చెవినీ కలపలేకపోతోంది.

60 గంటల సంగతి చెప్పడం దండగ. అందులో సింహభాగం గుళికల్ని ఛార్జి చేసే డబ్బీలోని బ్యాటరీది. అదీ పాటల లెక్క, మాటలది కాదు.

ఏం చేశానంటారా? సొరుగులో పాత వైరు ఇయర్‌ఫోన్ ఉంది. 150 రూపాయలది, ఒక్కటే మైకు. దాన్ని నోటి దగ్గర పట్టుకుని మాట్లాడితే "ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అంది పిన్ని. అయినా కొన్న పాపానికి అప్పుడప్పుడూ ఆ గుళికలతోనే చేస్తుంటాను. మొన్న రాత్రి ఎనిమిదింటికి మాట్లాడుతున్నాను. ఈఎన్‌సీ కుక్కర్ కూతను చక్కగా మింగేసింది. పక్క గదిలో టీవీ సీరియల్‌ను మాత్రం వదిలేసింది. అదీ మనిషి గొంతే కదా, ఏది నాదో ఏది అత్తగారిదో దానికేం తెలుసు? నేను మోకాలి నొప్పికి వాడే మందు గురించి అడుగుతున్నాను.

"ఉండరా, నువ్వు కాసేపు నోర్మూసుకో," అంది పిన్ని. "ఇక్కడ కరెంటు పోయింది. ఆ కోడలేదో అంటోంది, విననీ."