నేను జావాస్క్రిప్ట్‌ని

బ్రౌజర్లలో నడిచే ప్రోగ్రామింగ్ భాషనైన నేను 1995 మే నెలలో అమెరికాలోని నెట్‌స్కేప్ కంపెనీలో పుట్టాను. బ్రెండన్ ఐక్ పది రోజుల్లో నాకు తొలి రూపం ఇచ్చారు. మొదట మోకా అన్నారు, తర్వాత లైవ్‌స్క్రిప్ట్ అన్నారు. ఆ డిసెంబరుకల్లా జావాస్క్రిప్ట్ అన్న పేరు ఖాయమైంది.

మరుసటి ఏడాదే మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్‌లో జేస్క్రిప్ట్ పేరుతో నాలాంటిదాన్నే దింపింది. ఒకే కోడ్ ఒక బ్రౌజర్‌లో ఒకలా, ఇంకోదాంట్లో మరోలా నడిచేది. వెబ్‌సైట్లు రాసేవాళ్ల తిప్పలు చూడాలి! అందుకే నెట్‌స్కేప్ నన్ను ఎక్మా అనే ప్రమాణాల సంస్థ ముందుకు తీసుకెళ్లింది. అక్కడ టీసీ39 కమిటీ నా నడవడికకు నియమాలు రాసింది. 1997 జూన్‌లో ఎక్మా-262 వెలువడింది. అందులో నా పేరు ఎక్మాస్క్రిప్ట్.

1999లో మూడో ఎడిషన్ వచ్చాక నా ఎదుగుదల నిలిచిపోయింది. నన్ను సమూలంగా మార్చాలని కొందరు, మెల్లగా మారిస్తే చాలని కొందరు పట్టుబట్టారు. చివరికి 2008లో నాలుగో ఎడిషన్‌ను వదిలేశారు. 2009లో ఐదోది వచ్చాకే ఊపిరి పీల్చుకున్నాను. 2015లో క్లాసులు, మాడ్యూళ్లు, ప్రామిస్‌లు నాలో చేరాయి. అప్పటినుంచి ఏటా కొత్త ఎడిషన్ వస్తోంది.

ఇప్పుడు నాలో ఏది చేర్చాలన్నా దశలవారీగా గట్టెక్కాలి. దాన్ని పరీక్షించే కోడ్ రాయాలి, కనీసం రెండుచోట్ల అమలుచేసి చూపాలి, కమిటీలో అందరూ ఒప్పుకోవాలి. అర్రేలో, అంటే విలువల జాబితాలో, ఉన్న అర్రేలను విప్పి ఒకే వరుసలో పెట్టే సౌకర్యాన్నే తీసుకోండి. [1, [2, 3]] ఇస్తే [1, 2, 3] అవుతుంది. దానికి ‘ఫ్లాటెన్’ అని పేరు పెట్టారు. తీరా ఫైర్‌ఫాక్స్ ప్రయోగాత్మక వెర్షన్‌లో పెట్టి చూస్తే ఒక వెబ్‌సైట్ దెబ్బతింది. మూటూల్స్ అనే పాత లైబ్రరీ అదే పేరుతో తన సొంత ఫంక్షన్‌ను ముందే వాడుకుంటోంది. 2018లో దీనిమీద పెద్ద చర్చే నడిచింది. ఆఖరికి కమిటీయే వెనక్కి తగ్గి, పేరును ‘ఫ్లాట్’గా మార్చి 2019 ఎడిషన్‌లో చేర్చింది.

ఆ నిర్ణయం నాకు గర్వకారణం. పాత సైట్లు నడుపుకునేవాళ్లు కమిటీ సమావేశాలకు రారు, తమ పేజీ ఎందుకు ఆగిపోయిందో కూడా వాళ్లకు తెలియకపోవచ్చు. అలాంటివాళ్ల పక్షాన నిలబడే ప్రమాణమే నమ్మదగిన ప్రమాణం. కొత్తవాళ్లకు కావలసినవి నేర్చుకుంటూ, నన్ను నమ్మి ఎప్పుడో రాసిన కోడ్‌ను చెడగొట్టకుండా ఎదగడమే నా ధర్మం.