అక్కడక్కడా: ఒక వాన సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ద్రోణి ప్రభావంతో రాగల 24 గంటల్లో నిజామాబాద్ సహా ఉత్తర తెలంగాణ జిల్లాల్లో అక్కడక్కడా ఉరుములు, మెరుపులు, గంటకు 30–40 కి.మీ. ఈదురుగాలులతో కూడిన తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది.

టీక: మే నెలలో హైదరాబాద్ వాతావరణ కేంద్రం పేరున రోజూ చెవిన పడే సూత్రం ఇంచుమించు ఇదే. ద్రౌణి అయితే అశ్వత్థామ. ఇది ద్రోణి, అనగా తొట్టి. గాలి పీడనం తగ్గి తొట్టిలా సాగిన పట్టీ అని అర్థం, మే నెలలో అది తరచూ విదర్భ వైపు నుంచి దక్షిణాదికి సాగుతుంది. వ్యాఖ్యాతలు చదివీ చదవనట్టు దాటేసే పదం ‘తేలికపాటి’. వాతావరణ శాఖవారి కొలతలో 24 గంటలకు 2.5 నుంచి 15.5 మి.మీ. తేలికపాటి, ఆపైన 64.4 దాకా మోస్తరు. మే నాటికి పసుపు చాలామటుకు నిజామాబాద్ యార్డుకు చేరినా, ఆ జిల్లాలోని మాక్లూర్ చుట్టుపక్కల ఆఖరి కుప్పలూ యాసంగి వడ్లూ ఆరుబయటే ఉంటాయి. గుంట అంటే 101 చదరపు మీటర్లు. గుంట కళ్లం మీద 10 మి.మీ. వాన పడితే వెయ్యి లీటర్ల పైచిలుకు నీళ్లు. ఉడికించి ఆరబోసిన పసుపు కాడి, గోళ తడిస్తే రంగు చెడుతుంది, ధర పడుతుంది. కనుక తేలికపాటి అనేది ఆకాశానికి విశేషణం, కళ్లానికి కాదు.

సూత్రానికి ప్రాణం ‘అక్కడక్కడా’. ఇక్కడ పూర్వపక్షి లేచి, వాన పడితే శాఖవారు చెప్పాం కదా అంటారు, పడకపోతే అక్కడక్కడా అన్నాం కదా అంటారు, ఇది జారుకునే మాట అంటాడు. కాదు. ఆ పదానికి కొలత ఉంది: ఆ ప్రాంతంలోని వానమాపక కేంద్రాల్లో నూటికి 25కు మించకుండా. సగం కేంద్రాల్లో కురిసినా మాట తప్పినట్టే, ఎక్కడా కురవకపోయినా తప్పినట్టే. ఎండాకాలపు ఉరుముల మేఘం కొద్ది కిలోమీటర్ల వెడల్పు, ఆయుష్షు ఇంచుమించు గంట. దగ్గరలోని దాస్‌నగర్ తడిసి మాక్లూర్ పొడిగా ఉండటం వింతేమీ కాదు. మెదక్ సీమ కొల్చారం వాడని పేరున్న మల్లినాథ సూరి మేఘదూతానికి వ్యాఖ్య రాశాడు. అందులో యక్షుడు మేఘానికి ఊళ్లూ నదులూ వరసగా చెప్పి పంపుతాడు. ఆ వసతి కావ్యానికే చెల్లింది, ముందురోజే మేఘానికి ఊరు పేరు చెప్పగల శాస్త్రం ఇంకా రాలేదు. తప్పు ఎంచాలంటే, 25 అనే కొలతను వినేవారికి చెప్పకపోవడాన్ని ఎంచాలి.

మరో శంక: ఫోన్ మాత్రం మాక్లూర్ పేరుపెట్టి గంటగంటకూ చెబుతోందే? పేరు ఊరిదే, లెక్క మాత్రం పటాన్ని చదరాలుగా విడదీసిన గడిది. 2025 మే 26న దేశం మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే వాతావరణ అంచనా వ్యవస్థలో గడి 6 కి.మీ. అంత సన్నని గడిలోనూ ఊరూ, పక్క ఊరి పొలాలూ కలిసే ఉంటాయి. తెరమీది ఊరి పేరు చూసి మోసపోవడం కంటే అక్కడక్కడా అన్న మాటను నమ్మడమే మేలని నా తీర్పు.

అయితే నాలుగోవంతు కేంద్రాలకు మించని వానకు రోజంతా కప్పి ఉంచాలా అంటే, అక్కర్లేదు. కప్పితే పసుపు ఆరదు, లోపల చెమ్మ పడుతుంది. ఈ వానలు ఎక్కువగా నేల కాగిన తరువాత, మధ్యాహ్నం మొదలు రాత్రిలోపు వస్తాయి. పొద్దున ఎండకు పరిచి, మధ్యాహ్నానికి కుప్ప చేసి కప్పితే ఇద్దరు మనుషుల శ్రమ. తడిసిన పంటను మళ్లీ ఆరబెట్టడానికి రోజులు.

తాత్పర్యం: మా ఊళ్లో పడుతుందా అని ఈ సూత్రాన్ని అడగకండి, పడితే నష్టమెంతో కళ్లాన్ని అడగండి. శాఖవారి రోజు ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు. అర్ధరాత్రి దాటింది కదా, గండం గడిచిందని టార్పాలిన్ తీయకండి.