పలకరించకుండా పోయే విద్య

మనిషికి మనిషిని పలకరించే ఓపిక తగ్గిపోయిందిగానీ, తన కుక్కను ఎదుటివాడి కుక్కకు పరిచయం చేయాలన్న ఉబలాటం మాత్రం బాగా పెరిగింది. మా కాలనీలో ఏళ్ల తరబడి ఎదురెదురు ఇళ్లలో ఉంటూ ఒకరి పేరొకరికి తెలియని పెద్దమనుషులున్నారు. అలాంటివాళ్లు కూడా చేతిలో గొలుసు, గొలుసు చివర కుక్క ఉంటే చాలు, వీధి మొదట్లోంచే "మావాడు ఏమీ అనడండీ, చాలా ఫ్రెండ్లీ" అని కేకేసుకుంటూ వచ్చి మీద పడతారు. వాళ్లవాడు ఏమీ అనడు, నిజమే. ఆ సంగతి మా టైగర్‌కి చెప్పేదెవరు?

టైగర్ అన్నది మా అబ్బాయి పెట్టిన పేరు. పేరు పెట్టి వాడు ఉద్యోగానికి పుణె వెళ్లిపోయాడు. పేరుగలవాడు నాకు మిగిలాడు. సైనిక్‌పురిలో మా వీధి చివర ఆగి ఉన్న నీళ్ల ట్యాంకర్ కింద దొరికిన నాటు కుక్క. ఇంట్లో ఉన్నంతసేపూ పేరు నిలబెడతాడు. కొరియర్ కుర్రాణ్ణి, గ్యాస్ బండని, మిక్సీని, టీవీలో చర్చ నడిపే ఆయన్ని వరసపెట్టి గద్దిస్తాడు. గేటు దాటాక ఇంకో కుక్క కనబడిందా, తోక కడుపు కిందికి, చెవులు మెడ మీదికి, తను నా కాళ్ల మధ్యకి. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని మనకో సామెత ఉంది. దాన్ని పేరుతో సహా పాటించినవాడు బహుశా మావాడొక్కడే.

మొదటిసారి చూసిన పశువుల డాక్టరు గారు వాడి నోరు తెరిపించి, "పాలపళ్లు ఊడిపోయాయి. ఆరు నెలలు దాటాయి. బడి ఈడు అయిపోయింది" అన్నారు. కుక్కలకు బడి ఈడేమిటా అని పుస్తకాలు తిరగేస్తే సంగతి బోధపడింది. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుక్కపిల్లల్ని ఏళ్లపాటు దగ్గరుండి పెంచి చూసి 1965లో ఒక పుస్తకం వేశారు. దాదాపు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల ఏది చూస్తే అది దానికి మామూలు విషయమవుతుంది. మనుషులైనా, తోటి కుక్కలైనా, కుక్కర్ కూతైనా అంతే. ఆ తర్వాత ఎదురయ్యే ప్రతి కొత్తదాని మీదా ముందు అనుమానం, ఆ పైనే పరిచయం. మావాడు ఆ వారాలన్నీ ట్యాంకర్ల కింద గడిపాడు. ఊళ్లో ఎన్ని పెద్ద కుక్కలు వాణ్ణి అక్కణ్ణుంచి తరిమాయో వాడు చెప్పడు, మనం అడగలేం.

కుక్క భయపడుతుందని తెలియగానే కాలనీ అంతా వైద్యులైపోయారు. మొదటి మందు కల్నల్ గారిది. "నువ్వు ఆల్ఫా కావాలోయ్. గుంపుకి నాయకుడెవరో వాడికి తెలియాలి. గొలుసు పట్టి ఒక్క గుంజు గుంజు" అన్నారు. ఈ ఆల్ఫా పురాణం అసలు తోడేళ్లది. బంధించి ఉంచిన తోడేళ్లు పెత్తనం కోసం కొట్టుకోవడం చూసి రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన 1947లో రాశాడు. 1970లో డేవిడ్ మెక్ తన తోడేళ్ల పుస్తకంతో ఆ మాటను ఊరూరా తిప్పాడు. తీరా ఆయనే అడవి తోడేళ్ల వెంట ఏళ్లపాటు తిరిగి చూస్తే, గుంపంటే మరేం కాదు, అమ్మా నాన్నా పిల్లలూ. 1999లో ఆ సంగతి ఒప్పుకుంటూ వ్యాసం కూడా రాశాడు. "అడవిలో నాయకుడంటే ఇంటి నాన్నేనటండీ" అని కల్నల్ గారికి విన్నవించాను. ఆయన కాసేపు ఆలోచించి, "నాన్న మాట ఎవరు వింటున్నారోయ్?" అన్నారు నీరసంగా. ఆ ఇంట్లో ఒక ముసలి లాబ్రడార్ ఉంది. దాని పేరు బ్రిగేడియర్. ర్యాంకు లెక్కన కల్నల్ గారు దాని తర్వాతే.

రెండో మందు తెనాలి నుంచి వచ్చిన మా బావగారిది. "నాకు ఈత ఎవరు నేర్పారయ్యా? మా నాన్న బావిలోకి తోశాడు, నేను ఈదుకుంటూ వచ్చాను. కొండాపూర్‌లో కుక్కలకు పార్కే ఉందంటగా! తీసుకెళ్లి వాటి మధ్యలో వదిలెయ్యి, అదే దారికొస్తుంది." పార్కు ఉన్న మాట నిజమే. జీహెచ్ఎంసీ వాళ్లు 2018లో తెరిచారు. ఆటపాటలున్న కుక్కలకు అది నందనవనమే. భయస్తుడికి మాత్రం నాలుగు వైపుల నుంచీ గొలుసుల్లేని బంధువర్గం ముసురుకునే చోటు. బావగార్ని బావిలోకి తోసిన మాటా నిజమే. కాకపోతే ఆ రోజు ఆయన నడుముకి బెండు కట్టి ఉందని మా అక్క ఎప్పుడో చెప్పింది. చెయ్యి తిరిగేకొద్దీ చిన్న బెండు, ఆ తర్వాతే ఒట్టి నడుం. ఈత నేర్పేవాళ్లకు తెలిసిన ఆ కిటుకే ఇక్కడా పనిచేస్తుంది. భయపడే కుక్కకు బెండు ఏమిటంటే, దూరం.

ప్రతి భయస్తుడికీ ఒక గీత ఉంటుంది. గీతకు అవతల ఎన్ని కుక్కలున్నా చూస్తాడు, ముక్కు ఎగరేస్తాడు, తిరిగి మన మొహంలోకి చూస్తాడు. ఇవతలికి వచ్చాయా, ఇక బ్రహ్మదేవుడు పిలిచినా పలకడు. టైగర్ గీత మొదట్లో మా గేటు నుంచి ఇస్త్రీ బండి దాకా ఉండేది. దాన్ని కొలవడానికి టేపు అక్కర్లేదు, తిండి చాలు. పెట్టింది తింటే దూరం సరిపోయినట్టు. ప్రాణమిచ్చే పదార్థాన్ని కూడా మూతి పక్కకు తిప్పి వద్దంటే మనం మరీ దగ్గరకు వచ్చేశామని అర్థం. అప్పుడు ధైర్యం చెప్పి లాభం లేదు, వెనక్కి తిరిగి నడవడమే. ఎదురుగా ఉన్నవాళ్లు ఏమనుకుంటారోనన్న మొహమాటం ఉన్నవాళ్లు ఈ పనికి పనికిరారు. నాకా మొహమాటం లేదు. పెళ్లిళ్లలో నేను చేసేదీ అదే.

భయపడ్డ జంతువు ముందు పారిపోవాలని చూస్తుంది. మెడకు గొలుసు పడితే ఆ దారి మూసుకుపోతుంది. ఇక మిగిలింది ఎదురు తిరిగి అరవడం. వీధిలో గొలుసుతో ఉన్న కుక్క ఎగిరెగిరి మొరుగుతుంటే జనం దాన్ని రౌడీ అనుకుంటారు. వాటిలో చాలామంది నిజానికి "దగ్గరికి రావద్దు మహాప్రభో" అని మొత్తుకుంటున్నవాళ్లే. అప్పటికీ వినకుండా దగ్గరకెళితే కరుస్తాయి కూడా. మొరిగే కుక్క కరవదన్న సామెత చెప్పిన మహానుభావుడు చెప్పిన వెంటనే ఊరు విడిచి వెళ్లిపోయి ఉంటాడని నా అనుమానం.

మొరగడం ఆఖరి మాట. దానికి ముందు కుక్క మర్యాదగా చాలా చెబుతుంది. నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, తినడానికి ఏమీ లేకపోయినా మూతి నాక్కుంటుంది, తల పక్కకు తిప్పుకుంటుంది, ఉన్నట్టుండి నేల మీద ఏదో పోయినట్టు వాసన చూడటం మొదలుపెడుతుంది. నార్వేకి చెందిన టూరిడ్ రూగోస్ అనే శిక్షకురాలు ఈ సైగలన్నిటినీ పోగుచేసి పుస్తకం రాసింది. తోక ఊపితే సంతోషమేననుకోవడానికీ లేదు. ఇటలీలోని బారీ నగరంలో 2007లో 30 కుక్కల మీద పరిశోధన చేసి చూస్తే, యజమాని కనబడినప్పుడు తోక ఊపు వాటి కుడివైపుకు ఎక్కువగా ఉందట. తమను అదిలించేలా ఉన్న కొత్త కుక్క కనబడితే ఊపు ఎడమవైపుకు మళ్లిందట. ఈ ముక్క చదివిన దగ్గర్నుంచి నేను టైగర్ వెనకాల వంగి నడుస్తున్నాను. వీధిలో నా గురించి ఏమనుకుంటున్నారో అడగలేదు.

ఇక తిండి. ఇలాంటి చదువుకు ఉడికించిన కార్జం ముక్కలు శ్రేష్ఠమన్నారు డాక్టరు గారు. మా వంటింట్లోకి కోడిగుడ్డు బొమ్మ కూడా రాదు కాబట్టి పనీర్ దగ్గర రాజీ కుదిరింది. నాకు పనీర్ కూర లెక్కపెట్టి వడ్డించే మా ఆవిడ, వాడికి మాత్రం చిక్కుడు గింజంత ముక్కలు కోసి డబ్బాలో పెట్టి ఇస్తుంది. పద్ధతి చిన్నదే. గీతకు అవతల కుక్క కనబడాలి. వాడు దాన్ని చూడాలి. చూసిన వెంటనే పనీర్ పడాలి. అది కనుమరుగైతే పనీరూ బంద్. కొన్నాళ్లకు వాడి బుర్రలో కుక్క అంటే భయం బదులు పనీర్ మెదులుతుంది. ఈ సూత్రం పావ్లోవ్ గారిది. ఆయనకు 1904లో నోబెల్ ఇచ్చింది మాత్రం దీనికి కాదు, జీర్ణక్రియ మీద చేసిన పనికి. మా పనీర్ ఖర్చు చూస్తే రెండూ ఒకటే అనిపిస్తుంది.

ఇందులో వరస ముఖ్యం. ముందు కుక్క, తర్వాత పనీర్. నాకు జ్వరమొచ్చినప్పుడు బావగారు టైగర్‌ని తిప్పుకొస్తానని బయలుదేరారు. వరస గురించి చెప్పబోతే "పదిమంది పిల్లల్ని పెంచిన కొంపయ్యా మాది" అన్నారు. వీధిలో ఎక్కడో కుక్క ఉందని ఆయనకు ముందే తెలిసినప్పుడల్లా జేబులోంచి డబ్బా తీసి, టప్పున మూత తెరిచి, పనీర్ నోట్లో పెట్టి, ఆ తర్వాత మలుపు తిప్పి కుక్కను చూపించారట. టైగర్ తెలివిగలవాడు. లెక్క చప్పున పట్టేశాడు. మర్నాడు వంటింట్లో మా ఆవిడ తన కోసం అదే డబ్బా మూత తీసింది. టప్ మంది. మావాడు దివాన్ కాట్ కింద దూరి తోక కూడా లోపలికి లాక్కున్నాడు. నేను కింద చతికిలబడి వీపు నిమురుతుంటే బావగారు గుమ్మంలో నిలబడి, "అలా ముద్దు చేస్తే భయం ఇంకా ఎక్కువవుతుంది" అని ఇంకో శాస్త్రం విప్పారు. భయం ఎవరో జీతమిస్తే చేసే ఉద్యోగం కాదు, నిమిరితే పెరగడానికి. డబ్బా మార్చాం. బావగార్ని తెనాలి బస్సెక్కించాం.

వీధి కుక్కల సంగతి వేరు. వాటికి గొలుసూ లేదు, యజమానీ లేడు, ఒక్కో గుంపుకి ఒక్కో సందు మాత్రం ఉంది. చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్, రేబిస్ టీకా అయ్యాయని గుర్తు. మనకు అది నిశ్చింతే, టైగర్‌కి ఆ సర్టిఫికెట్ చదవడం రాదు. తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడే వేళ అవి సందుల సరిహద్దులు తేల్చుకుంటూ ఉంటాయి. ఎండెక్కాక కార్ల కిందకు చేరి పడుకుంటాయి. అప్పుడు తీసుకెళదామంటే వేసవిలో తారురోడ్డు వాడి పాదాల్ని కాల్చేస్తుంది. కాబట్టి చెత్త బండి వచ్చి వెళ్లాక, ఎండ ముదరకముందు మాకొక ముహూర్తం కుదిరింది. ఎదురుపడితే పరుగెత్తడం, కళ్లలోకి చూడటం నిషిద్ధం. రోడ్డు దాటి అవతలి వార నడవడమే రాజనీతి.

అసలు గురువు మాత్రం బ్రిగేడియర్. పన్నెండేళ్ల వయసు, మోకాళ్ల నొప్పులు, లోకంలో దేని మీదా ఆసక్తి లేని చూపు. భయస్తుడి పక్కన నడవడానికి ఇంతకు మించిన అర్హతలు ఉండవు. కల్నల్ గారు దాన్ని తీసుకుని అటు వార, నేను టైగర్‌ని తీసుకుని ఇటు వార, ఒకే దిక్కుకి నడిచేవాళ్లం. ఎదురెదురు రావడం లేదు, మొహం మొహం చూసుకోవడం లేదు. కుక్కల మర్యాదలో ఎదురుగా సూటిగా వచ్చి పడటం మోటుతనం. అర్ధచంద్రంగా తిరిగి పక్కనుంచి రావడం సంస్కారం. బ్రిగేడియర్ మోకాళ్ల వల్ల ఎలాగూ తిన్నగా నడవలేదు. ఆ వంకర నడక టైగర్‌కి మహా గౌరవంగా తోచినట్టుంది. వారాలు గడిచేకొద్దీ రోడ్డు సన్నబడింది. ఒకనాడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మావాడు మెడ సాచి బ్రిగేడియర్ తోక కింద ఓసారి వాసన చూశాడు. మూడంకెలు లెక్కపెట్టేలోపు పక్కకు పిలిచి పనీర్ పెట్టేశాను. మొదటి పలకరింపు పొట్టిగా ఉంటేనే రెండోదానికి చోటుంటుంది. బ్రిగేడియర్ తిరిగి చూడనైనా లేదు. కల్నల్ గారే "శెభాష్" అన్నారు. ఎవరినన్నారో తేల్చలేదు.

ఇప్పుడు టైగర్‌కి ఒక్క బ్రిగేడియరే స్నేహితుడు. మిగతా కుక్కలు కనబడితే ఓసారి చూస్తాడు, నా జేబు వైపు తిరుగుతాడు, తన దారిన తను పోతాడు. దీపావళి బాంబులు పేలిన మర్నాడు, కొత్త ఇంటి పనివాళ్లు డ్రిల్లింగ్ మొదలుపెట్టిన రోజు గీత మళ్లీ ఇస్త్రీ బండి దాకా జరుగుతుంది. ఆ రోజుల్లో మేం డాబా మీదే తిరుగుతాం. అందరితో కలిసిమెలిసి ఆడుకోవాలని వాడికి నేనేమీ లక్ష్యం పెట్టలేదు. కలవకుండా కూడా హాయిగా నడిచిపోవచ్చని తెలిస్తే చాలు. కుక్కకైనా, మనిషికైనా అదేమంత చిన్న చదువు కాదు.

మొన్న పక్కింటావిడ తన పామరేనియన్‌తో గేటు దగ్గర ఆపి, "ఏమండీ అన్నయ్యగారూ, ఇదివరకు మీ టైగర్ పాపం మా స్నూపీని చూసి వణికేవాడు. ఇప్పుడు పొగరెక్కువైందండీ, కన్నెత్తి చూడట్లేదు" అని నిష్ఠూరమాడారు. పిరికివాడన్న పేరు పోయి పొగరుబోతన్న పేరు వచ్చింది. మనుషుల్లో దీన్నే వ్యక్తిత్వ వికాసం అంటారు, హోటళ్లలో హాళ్లు అద్దెకు తీసుకుని మరీ నేర్పి వేలకు వేలు గుంజుతారు. మావాడికి పనీర్ ఖర్చుతో సరిపోయింది.